మంచు గ్రహంలో మేకులు లేవు

పోయిన నెల ఒక సాయంత్రం నా మనవరాలు బెంగళూరు రైలు దిగి వస్తూనే ఒక పుస్తకం నా ఒళ్ళో పడేసి, "అవ్వా, బైబిలు తప్ప చదివేదానికి ఇంగేమీ లేదంటావు గదా, ఇది చదువు" అంది. అట్ట మీద తెల్లటి కొండలు, పైన రెండు చందమామలు. ఎక్కడో ఒక గ్రహం అట, అంతా మంచే అట, అక్కడ దిగిన ఓడ పగిలిపోతే నలభై మంది మంచు గుహలో తల దాచుకుని ఎట్లా బతికారన్నది కథ.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. మా చర్చి పాస్టరు గారి భార్య మధ్యాహ్నాలు మాలాంటి ముసలివాళ్ళను కూర్చోబెట్టి నేర్పించింది. అంతకు ముందు పాటల పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని నిలబడినా ఎవరూ చూడలేదనుకునేదాన్ని. అందుకే నాకు చదవడమంటే వేలు పెట్టి, పెదవులు కదిపి, ఒక్కొక్క మాటా నమిలి మింగడం, అట్లా నమిలేవాళ్ళ పంటికి రాళ్ళు బాగా తగులుతాయి. ఈ పుస్తకం నిండా రాళ్ళే. నలభై మంది ఒక గుహలో ఉంటే ఒక్కరికీ దగ్గు రాదు, నీళ్ళ కోసం ఒక్కరూ జుట్లు పట్టుకోరు, పొయ్యి ఎవరు ఊదుతారో తెలియదు, తడిసిన గుడ్డలు ఎక్కడ ఆరేస్తారో తెలియదు. ఆడవాళ్ళు మాత్రం ప్రతి పేజీలోనూ కిటికీ దగ్గర నిలబడి నక్షత్రాలను చూసి కన్నీళ్ళు పెట్టుకుంటారు. మంచు గుహకు కిటికీ ఎవడు పెట్టాడో రాసినవాడికే తెలియాలి.

అదంతా పోనీ అనుకున్నాను. ఒకరోజు పది మంది మంచు తవ్వడానికి బయటికి పోతారు, మంచు తుఫాను వస్తుంది, పెద్ద మనిషి "అందరూ వచ్చేశారు" అని ఇనుప తలుపు మూసేస్తాడు. తెల్లవారి చూస్తే ఒక కుర్రవాడు తలుపు మీద చెయ్యి పెట్టి అట్లాగే గడ్డకట్టి ఉంటాడు. దానికి ఆ రచయిత విధి అనీ, విశ్వం అనీ రెండు పేజీలు రాసుకున్నాడు. పుస్తకాన్ని తీసి బల్ల మీదికి విసిరేశాను. విధి ఏమిటి? తలుపు మూసేటప్పుడు తలలు లెక్క పెట్టుకోలేదు, అంతే.

మా బంగారు గనుల్లో ఏ చదువూ లేనివాళ్ళం కూడా అంత తెలివితక్కువ పని చేసేవాళ్ళం కాదు. గనిలోకి దిగే షాఫ్టు పక్కన టైం ఆఫీసు గోడకు ఒక పెద్ద చెక్క, దాని నిండా మేకులు, మేకుకొక ఇత్తడి బిళ్ళ. కిందికి దిగేవాడు తన అంకె ఉన్న బిళ్ళను జేబులో వేసుకుని దిగాలి, పైకి వచ్చాక కిటికీలో ఇచ్చేస్తే గుమస్తా మళ్ళీ దాని మేకుకే తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. దానికి తిరుగులేదు, ఎవరి నోటి మాటా దాని ముందు చెల్లదు. అట్లా అంటున్నానే గానీ, ఆ మేకును ఖాళీగా ఉంచిన పాపిష్టిదాన్ని నేనే.

అప్పటికి మాకు పెళ్ళయి రెండేళ్ళు. మా ఆయనకూ మా అన్నకూ ఒకే షాఫ్టులో పని. ఆ పొద్దు మా ఆయనకు లోపల జ్వరం వచ్చి షిఫ్టు మధ్యలోనే పైకి వచ్చేశారు. కిటికీలో గుమస్తా లేడు, టీకి పోయాడట. నిలబడలేక బిళ్ళతోనే ఇంటికి వచ్చి, నా చేతిలో పెట్టి, వెంటనే ఇచ్చి రమ్మని చెప్పి పడుకున్నారు. గని కూలీల లైన్ ఇళ్ళలో అది మామూలే, మొగుళ్ళ బిళ్ళలు పెళ్ళాలు తీసుకుపోయి ఇచ్చేవాళ్ళు. నేను దాన్ని కొంగున ముడి వేసుకున్నాను. బయటికి వస్తే కొళాయిలో నీళ్ళు వస్తున్నాయి, వరసలో నా ముందు ముగ్గురే ఉన్నారు. నీళ్ళు పోతే మళ్ళీ మరునాడే. రెండు బిందెలు పట్టుకుని పోదాంలే అనుకున్నాను.

రెండో బిందె సగం నిండేసరికి కాళ్ళ కింద నేల అదిరింది. ఇంట్లో గూటి మీది గిన్నెలు దడదడ పడిన చప్పుడు వినిపించింది. గని లోపల బండ పగిలిందని మాకందరికీ తెలుసు. సైరన్ మోగింది, లైనులో ఆడవాళ్ళందరూ గుండెలు బాదుకుంటూ షాఫ్టు దగ్గరికి పరుగెత్తారు. నేను పోలేదు. మా అన్నది రెండో షిఫ్టు, ఇంకా దిగి ఉండడు. మా ఆయన చాప మీద పడుకుని ఉన్నారు. ఈ రోజు ఏడవాల్సిన పని నాకు లేదని, చెప్పడానికి సిగ్గుగా ఉంది, హాయిగా కూర్చుని పడిపోయిన గిన్నెలు సర్దుకున్నాను.

కాసేపటికి పక్కింటి ఆమె నన్ను ఓదార్చడానికే ఏడుస్తూ వచ్చింది. "నీ మొగుడొక్కడే పైకి రాలేదంటమ్మా, మేకు ఖాళీగా ఉండాదంట. మీ అన్న ఎవరు పట్టుకున్నా ఆగకుండా ఎతికేదానికి లోపలికి దిగినాడు" అంటూనే చాప మీదున్న మనిషిని చూసి నోరు మూసుకుంది. నేను కొంగు ముడి పట్టుకుని ఎట్లా పరుగెత్తానో నాకే తెలియదు. దారిలో ఉండగానే నేల రెండోసారి అదిరింది.

మా అన్నను ప్రాణంతో తెచ్చారు, ఎడమ కాలు మోకాలి దగ్గర నలిగిపోయింది. బిళ్ళ ఇవ్వడం మరిచినవాడని ఆఫీసులో మా ఆయనను నిలబెట్టి తిట్టారు. ఆసుపత్రిలో నేను నోరు తెరవబోతే ఆయన నా మణికట్టు గట్టిగా నొక్కి, "ఊరకుండు, నీకు పుట్టింటోడు వాడొక్కడే" అన్నారు. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మా అన్న ఆయనతో మాట్లాడడం మానేశాడు. ఆయన పోయినప్పుడు సమాధి తోటకు వచ్చాడు గానీ, అందరూ గుప్పెడు మట్టి వేస్తుంటే కర్ర పట్టుకుని దూరంగా నిలబడ్డాడు, వెయ్యలేదు. నేను చూస్తూ ఊరుకున్నాను.

ఇప్పుడు మా అన్నకు చూపు ఆనదు, అక్షరాలు మొదటి నుంచీ రావు. మధ్యాహ్నం పూట పోయి ఈ మంచు కథే రోజూ రెండు పేజీలు చదివి వినిపిస్తున్నాను. మా అన్నకు తెగ నచ్చింది. మొన్న తలుపు మూసిన పేజీ వచ్చింది. వింటూనే లేచి కూర్చున్నాడు.

"ఒగడు తక్కువ గదమ్మా! లెక్క పెట్టలేదా ఆ ఎదవలు? సరేలే, ఎవడో ఒగడు పోతాడు వాని కోసం. చదువు, చదువు."

ఎవరూ పోరని నాకు తెలుసు. ఆ తరువాతి పేజీ నా నోటికి రాలేదు. పుస్తకం మూసి, ఆ పొద్దు బిళ్ళ నా కొంగులో ఉండిందని, నీళ్ళు పట్టుకుందామని నేనే ఆగిపోయానని, మా ఆయన మరిచిపోలేదని చెప్పేశాను. మా అన్న మోకాలు రుద్దుకున్నాడు.

"ఎన్ని బిందెలు?" అన్నాడు.

"రెండు. రెండోది సగమే."

"ఒకటిన్నర బిందెకా నా కాలు! థూ నీ యమ్మ... మా అమ్మే గదా, ఏమని తిట్టేది నిన్ను? కాలు పోతే పోనీ. ఆ మనిషికి గుప్పెడు మన్ను గూడా ఎయ్యనీలేదు గదే నన్ను! యాడ నా కర్ర? లెయ్."

సమాధి తోట దగ్గరే గానీ మా ఇద్దరి నడకకు గంట పట్టింది. మా అన్న వంగలేకపోతే నేనే మట్టి తీసి చేతిలో పోశాను. సమాధి మీద వేసి, "చెప్పుంటే నీ సొమ్మేం పోతాండె, బావా?" అని మా ఆయననే కసిరాడు. నిన్న పోతే తలుపు తీయలేదు. ఈ రోజు తీశాడు గానీ, ఆ పుస్తకం ఊసు ఎత్తలేదు, నేనూ తీసుకుపోలేదు.

షాఫ్టులు నీళ్ళతో నిండిపోయి ఎన్నేళ్ళయిందో. టైం ఆఫీసుకు కప్పు కూడా లేదు. ఇప్పుడు ఊరు ఊరంతా చీకటితోనే రైలెక్కి బెంగళూరులో దిగుతుంది, ఎవరు పోయారో ఎవరు వచ్చారో చెప్పే చెక్క లేదు, మేకు లేదు. ప్రతివాడి చేతిలోనూ ఫోను ఉంది, చేస్తే ఎత్తరు. అందుకే మా తలుపు పక్కన ఒక మేకు కొట్టించాను. వచ్చీ రాగానే మెడలోని ఆఫీసు కార్డు తీసి దానికి తగిలించమని మనవరాలికి చెప్పాను. "నేనేమన్నా గనిలోకి పోతాండానా అవ్వా?" అని నవ్వుతుంది గానీ తగిలిస్తుంది.

ఈ రోజు రైలు కూత విని అరగంట దాటింది. మేకు ఖాళీగా ఉంది. స్టేషన్ బయట ఏ పానీపూరీ బండి దగ్గర నిలబడి ఉందో, రానీ దాని సంగతి చెబుతాను. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కొళాయిలో నీళ్ళు వస్తున్నాయి. పోనీ, నేను లేవను.