ఒంటరితనం గురించి రచయిత అభిప్రాయం

ఎస్సెస్సెల్సీ ఇంగ్లీషు పరీక్ష నేను తప్పింది జవాబు తెలియక కాదు, కోపం వచ్చి. ఈ మాట ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ.

మాది పెనుకొండ దగ్గర పల్లె. హిందూపురం బడిలో ఇంగ్లీషు బాగా చెప్తారని ఎవరో అంటే, నాయన నన్ను తీసుకొచ్చి స్టేషను వెనక సందులో ఒక గదిలో పెట్టి వెళ్లాడు. అమ్మ అప్పటికే లేదు. సంకటి నేనే కెలుక్కుని, నేనే తినేవాణ్ణి. సాయంత్రం ధర్మవరం పాసింజరు కూత వేస్తే ముద్ద నోట్లోకి పోయేది కాదు. అది పెనుకొండలో ఆగుతుంది.

ప్రతి ఆదివారం నాయనకు కార్డు రాసేవాణ్ణి. 'ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను.' ప్రతి వారం అదే. నాయనకు చదువు రాదు. పోస్టుమాన్ మా అరుగు మీద కూర్చుని గట్టిగా చదివేవాడు, వీధంతా వినేది. అందులో ఇంకేం రాస్తాం?

బడిలో ఇంగ్లీషు అయ్యవారిది ఒకటే పాట. "ప్రశ్నలో ఉండే మాట ప్యాసేజీలో యాడుండాదో చూడు. ఆ వాక్యం ఎత్తి రాయి. ముందర 'రచయిత ప్రకారం' అని తగిలించు. నీ అభిప్రాయం ఎవురూ అడగలేదు."

పరీక్షలో వచ్చిన ప్యాసేజీ ఒక దొరగారిది. కొండ మీద ఇంట్లో ఒంటరిగా ఉంటాడట. పొద్దున లేస్తే పలకరించేవాళ్లే లేరట, అంతకంటే హాయి లేదట. ఆయనకు వంటమనిషి మాత్రం ఉన్నాడు! ఒంటరితనం గురించి రచయిత అభిప్రాయమేమిటని ప్రశ్న. జవాబు మూడో లైనులోనే ఉంది, చూశాను. అయినా నాకు ఒళ్లు మండింది. 'రచయిత అబద్ధం చెప్తున్నాడు' అని మొదలుపెట్టాను. సంకటి కెలుక్కోవడం, జ్వరమొస్తే గోడకేసి చూస్తూ పడుకోవడం, రైలు కూత, అన్నీ వచ్చీరాని ఇంగ్లీషులో రెండు పేజీలు రాశాను. వ్యాసం మొదలుపెట్టకముందే గంట కొట్టారు.

అన్నిట్లో ప్యాసయ్యాను, ఇంగ్లీషు పోయింది. ఊరికెళ్లి చెబితే నాయన తిట్టలేదు.

"ఏం రాసినావప్పా అంత?"

చెప్పాను.

"కార్డులో క్షేమమనే రాస్తాంటివే."

"అరుగు మీద అందరూ వింటారు గదా నాయనా."

"ముక్కూ మొగం తెలీనోళ్లకు రెండు పేజీలు రాస్తివి. నాకు ఒక్క ముక్క రాయకపోతివి." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "విననీలే. ఈసారి రాయి."

సెప్టెంబరు పరీక్ష ప్యాసేజీలో ఎవరో వానను మెచ్చుకున్నారు. నేనూ 'రచయిత ప్రకారం' అని తగిలించి ప్యాసయ్యాను. అదేమంత గొప్ప కాదు. దానికి ముందు, మళ్లీ అదే గదికి వచ్చిన మొదటి ఆదివారం, కార్డు మీద ఒకే లైను రాశాను: 'ఇక్కడ ఒక్కణ్ణే ఉంటే ఏం బాగలేదు నాయనా.' పోస్టుమాన్ దాన్ని అరుగు మీద గట్టిగానే చదివాడట. నాయన ఇంకోసారి చదవమన్నాడట.

తరువాతి ఆదివారం పాసింజరులోంచి నాయన దిగాడు. ఆ పూట ఇద్దరికి సంకటి కెలికాను.