ఇసిల్డా ఆంటీ తెచ్చిన కాగితం

మా కాలేజీలో ఇసిల్డా ఆంటీకి తెలియని మూల లేదు. ఇరవై ఆరేళ్ళుగా తెల్లవారకముందే వచ్చి నాలుగంతస్తులూ తుడిచేది ఆవిడే. ఏ మాస్టారు బల్లకింద చూయింగ్ గమ్ అంటిస్తాడో, ఏ టీచరమ్మ మెట్లకింద దొంగచాటుగా సిగరెట్టు కాలుస్తుందో అన్నీ ఆవిడకు తెలుసు. ఆ గదుల తలుపుల మీద రాసిన పేర్లు మాత్రం చదవడం రాదు. ఆ సంగతి మాలో ఒక్కరికీ తెలియదు. మా అమ్మదీ ఆవిడదీ ఒకటే దీవి, సముద్రం అవతల ఇంగ్లీషువాళ్ళు ఏలిన కారియాకు. ఆదివారం ఒకే చర్చిలో పక్కపక్కనే కూర్చుంటాం. అయినా నాకూ తెలియలేదంటే నన్ను నేనే తిట్టుకోవాలి.

అంత గట్టిగా దాచింది మరి. ఏదైనా కాగితం చేతికిస్తే, "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానే ఎర్మీ, ఏముందో నువ్వే చెప్పు" అనేది. చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, పేజీలు తిప్పుతూ, అన్ని చరణాలూ కంఠతా పాడేది. శుభ్రం చేసే మందు సీసాల్ని మూత రంగుని బట్టి గుర్తుపట్టేది. నీలం మూత నేలకు, ఎర్ర మూత మరుగుదొడ్లకు.

2014 వేసవిలో కాలేజీ వాళ్ళు శుభ్రం పని కొత్త కంపెనీకి అప్పగించారు. ఆ మహానుభావులు తెల్ల సీసాలు, తెల్ల మూతలు పంపించారు. తేడా అంతా రాతలోనే. ఒక పొద్దున ఆంటీ కలపకూడని రెండూ ఒకే బకెట్లో కలిపింది. ఘాటుకు ఊపిరాడక వరండాలో కూలబడింది. ప్రాణాపాయం తప్పింది గానీ కంపెనీవాళ్ళ దగ్గర గుట్టు బయటపడింది. ఈ సంగతి నాకు తరువాతగానీ తెలియలేదు. క్రిస్మస్ లోపల సీసాల మీది రాతలు చదివి పరీక్ష పాసవ్వాలి, లేకపోతే పని మానుకోవాలి అన్నారు. యాభై ఏడేళ్ళ మనిషికి ఆ ఊళ్ళో ఇంకో పని ఎవరిస్తారు?

క్లాసులు మొదలయ్యే ముందు బుధవారం ఆవిడ ఏప్రనుతోనే నా కిటికీ ముందుకొచ్చి నిలబడింది. నా పని అడ్మిషన్ల కిటికీ దగ్గర. పెద్దవాళ్ళకు గవర్నమెంటు ఖర్చుతో చదువు చెప్పే క్లాసుల్లో ఎవరు చేరవచ్చో, ఎవరు చేరకూడదో కాగితాలు చూసి తేల్చాలి. ఈ ఇంగ్లీషువాళ్ళ దేశంలో శాశ్వతంగా ఉండే హక్కుండాలి, మూడేళ్ళుగా ఇక్కడే ఉంటూ ఉండాలి. ఆ రెండూ ఉంటే చదువు ఊరికే. లేదంటే కట్టాల్సిన ఫీజు వింటేనే కళ్ళు తిరుగుతాయి.

"చదవడం నేర్పే క్లాసు సోమవారం మొదలంటగా, పేరు రాయవే."

"ఎవరికాంటీ, మనవరాలికా?"

"నాకే."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. అప్పుడర్థమైంది నాకు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చచ్చేంత సిగ్గేస్తుంది.

గబగబా ఫారం తీశాను. "మూడేళ్ళుగా ఇక్కడే ఉంటున్నట్టు రుజువు కావాలాంటీ."

"రుజువా! నిన్న నీ బల్లమీద ఒలికిన కాఫీ తుడిచిందెవరే? దయ్యమా?"

"అది కాదాంటీ, కాగితం..."

"మీ కాలేజీ ఇచ్చిన జీతం చీటీలే డబ్బాడున్నాయి. చాలవా?"

అవి చాలు. ఆ గడి నిండింది. తరువాతి గడి, ఇక్కడ ఉండే హక్కు, దాని దగ్గరే చిక్కు. పాస్‌పోర్టు లేదు. "ఎక్కడికెళ్ళాననీ? బ్లాక్‌పూల్ బీచికి పాస్‌పోర్టడుగుతారా?" అంది. 1966 అక్టోబరులో తొమ్మిదేళ్ళ పిల్లగా తండ్రి వెంట ఓడ దిగింది. పేరు తండ్రి పాస్‌పోర్టులోనే రాసుంది. తండ్రి పోయాక, మా దీవి ఆచారం ప్రకారం ఆయన సమాధి రాయి నిలబెట్టే విందుకని అన్నగారు కారియాకు వెళ్తూ ఆ పాస్‌పోర్టు కూడా పట్టుకెళ్ళాడు. ఆ విందులో రమ్ము మిగల్లేదు, పాస్‌పోర్టూ మిగల్లేదు.

మా పై అధికారి గ్లెడ్‌హిల్ దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. అంతకు ముందు ఏడాది తనిఖీలో రెండు ఫైళ్ళు తప్పని తేలినప్పటి నుంచి నీడను చూసినా ఉలిక్కిపడేవాడు.

"మీ దీవుల నుంచి 1973కి ముందు వచ్చినవాళ్ళకు ఇక్కడ ఉండే హక్కుంది ఎర్మిన్, నాకూ తెలుసు. ముందే వచ్చినట్టు కాగితమేదీ?"

"ఆవిడ ముఖం చూస్తే తెలియదా?"

"ముఖం ఫైల్లో పెట్టలేను. శుక్రవారం అయిదింటి లోపల తీసుకురమ్మను." గొంతు తగ్గించాడు. "తేలేకపోతే ఇంకో ప్రశ్న వస్తుంది. హక్కు లేని మనిషి ఇన్నేళ్ళు ఇక్కడ పనెలా చేసిందని. అప్పుడు నేను పైవాళ్ళకు చెప్పక తప్పదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. చదువు కోసం వచ్చిన మనిషికి ఉన్న పని ఊడగొట్టి, ఆపైన దేశం నుంచి వెళ్ళగొట్టే దారి నేనే తెరిచినట్టయింది. "మీ తాతముత్తాతలు మిల్లుల్లో మనుషులు చాలక పిలిపిస్తేనే కదండీ మావాళ్ళొచ్చింది!" అని నోటికొచ్చినట్టు అరిచాను. ఆయన తల దించుకుని పెన్ను మూత పెట్టుకున్నాడు. అరిస్తే కాగితం పుడుతుందా?

ఆంటీని మెట్ల దగ్గర పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ బకెట్టు కింద పెట్టింది.

"పోనీ బడికెళ్ళావుగా ఆంటీ? బడిలో చేరినప్పుడు రాసిన పుస్తకముంటుంది."

ఆవిడ ముఖం మాడిపోయింది. "ఆ బడి ఎప్పుడో మూసేశారు" అని బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. పిలిచినా వెనక్కి తిరగలేదు.

గురువారమంతా కనిపించలేదు. శుక్రవారం నాలుగున్నరకు వచ్చింది. చర్చికి వేసుకునే నీలం కోటు, టోపీ, చేతికి తొడుగులు. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో నాలుగు మడతల కాగితం.

"బీరువా మీద గ్రిప్పులో ఉంది" అంది. గ్రిప్పంటే ఓడలో తెచ్చుకున్న పెట్టె. మా వాళ్ళ ఇళ్ళల్లో దాన్ని ఎవరూ కిందికి దించరు. "నాన్న పోయేముందు చేతిలో పెట్టాడు. గవర్నమెంటు కాగితమే, పారెయ్యకన్నాడు. ఆయన చదువూ అంతంతమాత్రమే. ఇందులో ఏముందో నాకు తెలీదెర్మీ. ఇదొచ్చిన వారం నించీ నాకోసం వేరే బస్సొచ్చేదని మాత్రం తెలుసు. వీధిలో పిల్లలందరూ ఒక బడికి, నేనొక్కదాన్నీ ఇంకో బడికి."

మడతలు విప్పాను. లోలోపలే చదువుతూ సగంలో ఆగిపోయాను.

"ఆగావేం? చదువు."

"తేదీ ఉందాంటీ. 1968 జనవరి పదకొండు. ముద్ర ఉంది. అంతే చాలు, మిగతాదెందుకూ..."

"ఇన్నేళ్ళు దాచానే దాన్ని. అంతా చదువు. ఒక్క ముక్క మింగావంటే తెలిసిపోతుంది నాకు, నీ ముఖం నీ చిన్నప్పట్నించీ చూస్తున్నా."

చదివాను.

"మీ కుమార్తె ఇసిల్డాను పరీక్షించాము. ఈ బాలిక 1966 అక్టోబరులో ఈ దేశానికి వచ్చింది. పదిహేను నెలలైనా ఈమె మాట ఉపాధ్యాయులకు అర్థం కావడం లేదు. ఈమె మందబుద్ధి. చదవడం, రాయడం నేర్వగల శక్తి ఈమెకు లేదు. కనుక మందబుద్ధి పిల్లల బడికి మార్చడమైనది."

ఆవిడ కిటికీ అంచు పట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు, ఆవిడ కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి.

"మా దీవి మాట మాట్లాడానే నేను. వాళ్ళకర్థం కాకపోతే నాకు బుర్ర లేనట్టా? ఆ బడిలో ఆరేళ్ళు పూసలు గుచ్చించారు, అంట్లు తోమించారు. ఒక్క అక్షరం చెప్పలేదు. నిజంగానే నాకు రాదేమో అనుకున్నా. పిల్లల్ని కన్నా, ఇల్లు కట్టుకున్నా, అలాగే అనుకున్నా."

"ఆంటీ..."

"ఎందుకేడుస్తావ్? ఎప్పుడొచ్చానో రాశారుగా. నీ ఫారానికి పనికొస్తుందా రాదా?"

ఎలా చెప్పను? అంతకన్నా గట్టి రుజువు ఇంకోటి దొరకదు. గ్లెడ్‌హిల్‌ను పిలిచాను. ఆయన నిలబడే చదివాడు, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "సరిపోతుంది" అన్నాడు. ఆవిడ వైపు చూసి, జిరాక్సు తానే తీసుకొస్తానని వెళ్ళాడు. అప్పటికి అయిదుకు ఇంకా పది నిమిషాలుంది.

ఫారంలో 'చూసిన రుజువు' అన్న గడి ఉంటుంది. అందులో ఆ ఉత్తరం తేదీ వేశాను. 'ఎవరు పంపినది' అన్నచోట, ఆవిడకు చదువు నేర్పనన్న ఆఫీసు పేరే రాశాను. అర్హత ఉంది అన్న గడిలో టిక్కు పెట్టి ఫారం ఆవిడ వైపు తిప్పాను. ఆంటీ తొడుగు తీసి, బొమ్మ గీసినట్టు నెమ్మదిగా తన పేరు గీసింది.

గ్లెడ్‌హిల్ తెచ్చిన జిరాక్సు ఫైల్లో పెట్టుకున్నాను. అసలు కాగితం కూడా నా దగ్గరే భద్రంగా ఉంచమంటావా అనడిగాను. అలాంటిది ఆవిడ ఇంట్లో ఉండడం నాకిష్టం లేకపోయింది.

"ఇటివ్వు" అని చెయ్యి చాపింది. "నేర్వగల శక్తి లేదన్నారు చూడు, ఆ ముక్క ఎక్కడుంది?"

వేలితో చూపించాను.

ఆవిడ ఆ వరుస కింద గోరుతో గట్టిగా గీత గీసి, కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. "సోమవారం దీన్నే పట్టుకెళ్తా. ముందు ఇదే చదవడం నేర్పమంటా."