పసుపు రాసిన తాళంచెవి

గృహప్రవేశం నాడు కొత్త తాళంచెవికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, అరచేతిలో ఉంచుకుని ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టాను. నర్సీపట్నంలో సొంతిల్లు మరి, నలుగురికీ చూపించుకోకుండా ఎలా ఉంటాను? అందరూ దండాల బొమ్మలు పెడితే తెగ మురిసిపోయాను.

తర్వాత నెలలో నాతవరం పెళ్లికెళ్లి సాయంత్రం తిరిగొస్తే, వీధి తలుపులో తాళంచెవి సగం దూరి ఆగిపోయింది. మా ఆయన ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. విసుగొచ్చి పెరటి వైపు వెళ్లాను. పెరటి తలుపు ఓరగా తెరిచి ఉంది. వెళ్లేటప్పుడు దానికి లోపల్నుంచి గడియ పెట్టింది నేనే.

లోపల ఏమీ పోలేదు. బీరువా ముట్టుకోలేదు. వంటింటి గట్టు మీద స్టీలు గ్లాసొకటి కడిగి బోర్లించి ఉంది, ఇంకా తడారలేదు. దొంగ వెధవ ఎవడైనా గ్లాసు కడుగుతాడా?

తాళాలు బాగుచేసే ఆయనొచ్చి, వీధి తలుపు లోపలి వైపునుంచి ఒక ముక్క లాగాడు. తెల్లటి ప్లాస్టిక్. అచ్చం మా తాళంచెవి పళ్లే. "ఇది మేం సేసే రకం కాదమ్మా" అన్నాడు. వచ్చినవాడు లోపల్నుంచి తాళం వేసుకుంటుంటే విరిగి, పెరటి గడియ తీసుకుని పోయాడన్నమాట. అంత తీరిగ్గా ఉన్నాడు మా ఇంట్లో.

ఇంజనీరింగ్ చదివే మా మరిది కూతురు ముక్కని తిప్పి చూసింది. "త్రీడీ ప్రింటర్‌లో తీసింది పెద్దమ్మా. ఫొటో ఉంటే సాలు, కొలతలు పట్టేస్తారు."

"మన తాళం ఫొటో ఎవడికి దొరికిందే?" అని అడుగుతుండగానే నాకు తెలిసిపోయింది. గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కట్టాను గానీ, ఫొటోకి ఏం కడతాను?

పోలీసులకి చెప్దామంటే, "ఏటి పోయిందని సెప్తాం?" అన్నాడు మా ఆయన. నా స్టేటస్ నా ఫోన్‌లో నంబరున్నవాళ్లకే కనిపిస్తుంది. అంతా మనవాళ్లే. ఎవరెవరు చూశారో చూద్దామంటే, పెట్టిన మర్నాడే స్టేటస్‌తో పాటు ఆ పేర్లూ పోయాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. భయం కన్నా ఏడుపొచ్చింది నాకు.

తాళం మార్చి, కొత్త తాళంచెవి కొంగున ముడేసుకున్నాను. ఆ ఆదివారం చుట్టాలంతా పలకరించడానికొచ్చారు. టీ తాగి, ఎవరి గ్లాసు వాళ్లు కడిగి గట్టు మీద బోర్లించారు. మా ఇళ్లల్లో అందరికీ అదే అలవాటు.

"కొత్త తాళానికి పసుపు రాసేవేటే?" అంది మా పిన్ని సోఫాలోంచి. "ఈసారి ఫొటో ఎట్టలేదేటి? అందరం సూస్తాం కదా."

నేను కొంగు ముడి పిడికిట్లో పట్టుకున్నాను. అందరూ నా చేతి వైపే చూస్తున్నారు.