ఇంగువ డబ్బాలో నల్లమందు

మా నాయనమ్మ మోకాళ్ళ నొప్పులకు రోజూ జొన్నగింజంత నల్లమందు వేసుకునేది. సర్కారు దుకాణంలోనే కొనేవాళ్ళం. అప్పట్లో అది తప్పని ఎవరూ అనలేదు. తరువాత కల్లు, సారా, నల్లమందు చూసే ఆబ్కారీ శాఖకు ఇంగ్లీషు దొర ఒకాయన పెద్ద అధికారిగా వచ్చాడు. ఇంగ్లీషు ఇలాకా కానూన్లు మా నిజాం ఇలాకాలోనూ దిగాయి. లెక్కకు మించి చిటికెడున్నా ఇల్లంతా తలాషీ, ఆపైన జైలు. అమ్మేదీ సర్కారే, పట్టేదీ సర్కారే! సముద్రాల అవతలి దొరలకు మా నాయనమ్మ మోకాళ్ళతో ఏం పని?

వరంగల్ బజారులో మా పక్క దుకాణం షావుకారును నల్లమందు దొరికిందని ఆబ్కారీ జవాన్లు నడిపించుకుపోయినప్పటి నుంచి, తలుపు చప్పుడైతే మా గుండెలు జారిపోయేవి. నాయనమ్మ తన నల్లమందు ముద్దను ఇంగువ డబ్బాలో దాచింది. చూడ్డానికి రెండూ ఒకటే. వాసన కూడా త్వరలోనే ఒకటైపోయింది. కోమటి ఇంట్లో ఇంగువ డబ్బా ఎవడు వెతుకుతాడని మా ధీమా.

ఒక పొద్దున నెలల బిడ్డ మా తమ్ముడు కడుపుబ్బి గుక్కపట్టాడు. ఏ ఇంట్లోనైనా చేసేదే మా చిన్నమ్మా చేసింది. తొందరలో ఇంగువే అనుకుని ఆ డబ్బాలోంచి ఇంత గిల్లి, పాలలో రంగరించి పట్టింది. ఏడుపు ఆగింది. హమ్మయ్య అనుకున్నాం. మధ్యాహ్నానికి వాడి పెదవులు నీలమయ్యాయి. ఎంత కుదిపినా కళ్ళు తెరవలేదు. నాయనమ్మ డబ్బా మూత తీసి చూస్తే, గిల్లిన గాటు ఆమె నల్లమందు ముద్దకే ఉంది.

మిషన్ దవాఖానకు జట్కాలో పోతుంటే బాపు గొంతు తగ్గించి అన్నాడు: "అక్కడ నల్లమందు మాట ఎత్తకుండ్రి. డాక్టరమ్మ గూడ తెల్లామెనే. అందరం జైల్ల పడ్తం."

నాకు బాపు మీద అసహ్యం వేసింది. అంతకంటే ఎక్కువ భయం వేసింది.

డాక్టరమ్మ తమ్ముడి కనురెప్ప ఎత్తి చూసి, "బిడ్డకు ఏమి ఇచ్చారు?" అంది. తలుపు దగ్గర బెంచీ మీద, కాలికి కట్టుతో ఆబ్కారీ జవాను ఒకడు కూర్చుని ఉన్నాడు.

"ఇంగువ," అన్నాడు బాపు.

నాయనమ్మ ఆయన్ను పక్కకు నెట్టింది. "నల్లమందు, దొరసానమ్మా. నాది. పోరన్ని బతికియ్యి. నన్ను పట్టియ్యి."

డాక్టరమ్మ బిడ్డను ఎత్తుకుని లోపలికి పరుగెత్తింది. జవాను కాలి కట్టు సర్దుకుంటూ తల ఎత్తలేదు.

తమ్ముడు బతికాడు. నాయనమ్మ కోసం ఎవరూ రాలేదు. కానీ వాడు కాస్త గాఢంగా నిద్రపోతే చాలు, నాయనమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చి వాడి అరికాలు గిల్లేది. వాడు కెవ్వుమనేవాడు. అమ్మ విసుక్కునేది.

"ఏడ్వనియ్యి బిడ్డా," అనేది నాయనమ్మ. "జర ఏడ్వనియ్యి."