వెలుగు కారే కెమెరా

కూర్మన్నపాలెం నుంచి వన్ టౌన్ వెళ్లే బస్సులో, ఒకే మోడల్ పాత ఫిల్ము కెమెరాలు రెండు ఒళ్లో పెట్టుకుని పోల్చి చూస్తున్నాను. ఒకదాన్లో వెలుగు దూరి, ప్రతి ఫొటోకీ కుడిపక్క ఎర్ర చార పడుతోంది. వెనక మూతకి ఆ పక్కే మూడుసార్లు టేపు వేశాను. ఇక తప్పు మూతదేనో కాదో తేల్చుకోడానికి, బాగున్నదాని మూత ఊడదీసి దీనికి బిగించి చూద్దామని స్క్రూడ్రైవర్ తీశాను.

"ఏటి సేత్తన్నావ్ బాబూ?" అన్నాడు పక్కనున్న జాలరి పెద్దాయన. చెప్పాను.

"పడవలో నీరు కనిపించిన కాడ సిల్లుండదు. రెండో పక్క సూసినావేటి?"

చూశాను. మూత మడతబందు దగ్గర, వెలుగు దూరకుండా పెట్టే స్పాంజి పొడైపోయి ఉంది. ఆయన తన మణికట్టుకున్న దిష్టి తాడు విప్పి ఇచ్చాడు. "నల్లదే. కుక్కెయ్."

తాడు ఇంకా అక్కడే ఉంది. చార మళ్లీ పడలేదు. ఒళ్లో రెండు కెమెరాలుండి కూడా, ఆయన్ని ఒక్క ఫొటో తియ్యాలని తోచలేదు నాకు.