పాడుచేయడానికో పట్టుగుడ్డ

కుట్టుపని నేర్పమని అప్పయమ్మ నర్సీపట్నం బజారులో దర్జీలందరినీ అడిగింది. ఆడవాళ్ళకు నేర్పం పొమ్మన్నారు. నేర్పకపోతే మానె, నాకు కళ్ళు లేవా అనుకుంది. పక్కింటి పంతులమ్మ వర్ధనమ్మగారి పాత జాకెట్టొకటి అడిగి తెచ్చుకుని, కుట్లన్నీ విప్పి, ఆ ముక్కల్ని న్యూస్‌పేపరు మీద పరిచి, ఉన్నవి ఉన్నట్టు గీసి కత్తిరించుకుంది. ఆ కాగితాలే ఆమెకు గురువులు. ఇది డెబ్భై ఆరు నాటి మాట.

మిషను మాత్రం ఆడపడుచు దేవుడమ్మది. కోటవురట్లలో ఆమె ఇంట మూలపడి ఉంటే అప్పయమ్మ మొగుడు మన్మథరావు అడిగి తెచ్చాడు. దసరాకి దేవుడమ్మ వచ్చి పట్టుకుపోతుంది. "ఈలోగా నీకు పనొచ్చిందని నలుగురూ అంటే, ఉంచమని నానే అడుగుతాను. లేదంటే ఆ మాటెత్తను" అన్నాడు.

వాడకట్టులో వాళ్ళకి, పొడుగూ లావూ కాస్త అటూ ఇటూ చేసి, నాలుగు జాకెట్లు కుట్టింది. నాలుగూ తిరిగొచ్చాయి. కుడిసంక కింద లూజుగా ఉందని అందరిదీ ఒకటే మాట. కాగితం చూస్తే పాత జాకెట్టుకు వెంట్రుకంత తేడా లేదు. ఏడుపొచ్చింది గానీ ఏడవలేదు. దసరా ముంచుకొస్తోంది.

"తప్పేటో మీరైనా సెప్పండమ్మా" అని వర్ధనమ్మగారి దగ్గరకు వెళ్ళింది. ఊరందరికీ పాఠాలు చెప్పే మనిషికి తెలియదని ఒప్పుకోవడం ప్రాణసంకటం. అయినా ఒప్పుకున్నారు.

"కుట్టుపని నాకేం తెలుసే? ఉండు, పండక్కని కొన్న పట్టుగుడ్డ ఉంది. అది కొయ్యి. పాడైతే పాడవుతుంది, నిన్ను పల్లెత్తు మాట అనను" అంటూ బీరువా పై అరకి కుడిచెయ్యి చాచారు.

అప్పయమ్మ గుడ్డను చూడలేదు, చేతిని చూసింది. "అమ్మా, బోర్డు మీద రోజూ ఆ సేత్తోనే రాస్తారా?"

"ఇంకే చేత్తో రాస్తానే?"

అప్పయమ్మకు నవ్వాగలేదు. ఏళ్ళ తరబడి ఆ చెయ్యి ఎత్తి ఎత్తి పాత జాకెట్టు ఆ వైపు సాగిపోయింది. తాను వాడకట్టులో ఆడవాళ్ళందరికీ పంతులమ్మగారి చెయ్యి కుడుతోంది.

కాగితాలన్నీ పొయ్యిలో పెట్టేసి టేపు తెచ్చింది. ముందు ఆవిడకే కొలతలు తీసింది, చెయ్యి దించి ఒకసారి, ఎత్తి ఒకసారి. పట్టు మీద కత్తెర పెట్టబోయి రెండుసార్లు వెనక్కి తీసింది. వర్ధనమ్మగారు అది చూసి, వంటింట్లోకి వెళ్ళి, పిలిచేదాకా ఇవతలకి రాలేదు. నేర్చుకునేవాళ్ళకు అంతకన్నా సాయం ఎవరూ చేయలేరు.

ఆ జాకెట్టు అతికినట్టు సరిపోయింది. ఆ తర్వాత ఎవరి కొలత వాళ్ళదే. తిరిగొచ్చిన నాలుగూ విప్పి సరిచేసి ఇచ్చింది.

పండక్కి దేవుడమ్మ దిగిన రోజే అప్పయమ్మ కొలతలు తీసి, మర్నాటికల్లా జాకెట్టు కుట్టిచ్చింది. దేవుడమ్మ అది తొడుక్కుని, రెండు చేతులూ ఎత్తి తీరుబడిగా జుట్టు ముడేసుకుంది. బాగుందనలేదు. ఒకరిని మెచ్చుకోవడం ఆవిడకు అలవాటు లేదు. మన్మథరావు గొంతు సవరించుకున్నాడు.

"సెల్లీ, మిషను సంగతి..."

"మిషనేటి, అది వదిన్ది" అంది దేవుడమ్మ, పెట్టె తెరుస్తూ. "ఇంకో రెండు గుడ్డలు తెచ్చాను. బేగి కుట్టమను."