రెండు చుక్కలు చాలవు

మోరిస్‌విల్‌లో శశికాంత్ వాళ్ళ గరాజ్‌లో కారుకు ఎప్పుడూ చోటు లేదు. భార్య రేణు బీరు సామానుతోనే సగం నిండిపోయేది. కాచేది ఆమె. పెద్ద గిన్నె దించడం, సీసాలు కడగడం, కుళాయి బిగించడం అతని పని. కొలిచేటప్పుడు మాత్రం అతన్ని నిలబడి చూడనిచ్చేది కాదు.

"నిలబడి చూస్తే నీ ఎత్తు తెలుస్తుంది శశీ, బీరు సంగతి కాదు. కూర్చో," అనేది.

రేణు ఏప్రిల్‌లో పోయింది. ఆస్పత్రికి వెళ్ళే ముందు కాచిన బీరు పులియబెట్టే బకెట్‌లోనే ఉండిపోయింది. శశికాంత్ ఆఫీస్‌కి వెళ్ళాడు, వచ్చాడు. కూరలు తెచ్చిచ్చినవాళ్ళ డబ్బాలు కడిగి తిరిగి ఇచ్చాడు. ఎలా ఉన్నావని అడిగితే బాగున్నానన్నాడు. అది అబద్ధమని అనిపించలేదు, నిజమనీ అనిపించలేదు.

బీరు సంగతి మాత్రం తేలాలి. తీపి మిగిలి ఉండగా సీసాల్లో పోసి మూత బిగిస్తే, లోపల పులుస్తూ పోయి సీసా పగులుతుంది. ఒకసారి పగిలింది కూడా. గాజుముక్క దిగిన గుంట గోడలో ఇంకా ఉంది. తీపి ఎంత మిగిలిందో చెప్పేది గ్రావిటీ. మంచినీళ్ళు సున్నా అనుకుంటే, కాచిన రోజు ఈ బీరు యాభై రెండు. పులిసి పది దగ్గరికి దిగాలి. శశికాంత్ ఎప్పుడు చూసినా ఇరవై ఆరే.

వీకెండ్‌కి వచ్చిన కూతురు అదితి బకెట్ పక్కన నిలబడింది.

"నాన్నా, ఇది స్టక్ అయింది. డంప్ చేసేద్దాం."

"చూద్దాం."

"నువ్వు ప్రతిసారీ చూద్దాం అంటావ్. దేంతో చూస్తున్నావ్?"

శశికాంత్ రిఫ్రాక్టోమీటర్ చూపించాడు. చిన్న దుర్బిణిలా ఉంటుంది. గాజు మీద రెండు చుక్కలు వేసి వెలుతురు వైపు పట్టి చూడాలి.

"అమ్మ ఇది కుక్ చేసే రోజే కదా వాడేది? తర్వాత ఆ పొడుగుది, ఫ్లోట్ అయ్యేది."

"హైడ్రోమీటర్. దానికి గొట్టం నిండా పోయాలి. పోసింది మళ్ళీ బకెట్‌లో కలపకూడదు, బీరు చెడిపోతుంది. దీనికి రెండు చుక్కలు చాలు."

అదితి అతని ముఖం చూసింది.

"బీర్ తగ్గిపోతుందనా నాన్నా?"

అతను గాజు తుడిచాడు. ఆల్కహాల్ చేరాక ఆ దుర్బిణి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆ సంగతి రేణు అతనికి ఎన్నోసార్లు చెప్పింది. తెలిసి కూడా అన్ని వారాలూ చుక్కలే తీశాడు.

"డంప్ అంటే మొత్తం పోతుంది. ఇదైతే ఒక గ్లాసే," అంది అదితి.

శశికాంత్ హైడ్రోమీటర్ తీసి ముందు మంచినీళ్ళలో వేశాడు. సున్నా దగ్గరే నిలిచింది. తర్వాత బకెట్ కుళాయి తిప్పాడు. గ్లాసు నిండేదాకా ఆగడం తప్ప చేయగలిగింది లేదు. గరాజ్ వేడి తగ్గేదాకా గ్లాసును వంటింటి గట్టు మీద ఉంచాడు. గ్యాస్ పోవడానికి రేణు చేసినట్టే రెండు స్టీలు గ్లాసుల మధ్య కాఫీలా తిరగబోశాడు. బుడగలు పట్టుకుంటే హైడ్రోమీటర్ పైకి లేచి తప్పు చూపిస్తుంది. గొట్టంలో పోసి, హైడ్రోమీటర్‌ను అందులో వేళ్ళతో ఒకసారి గిర్రున తిప్పి వదిలాడు.

"కూర్చో నాన్నా," అంది అదితి.

మోకాలు పట్టేసినా కూర్చున్నాడు. గాజును పట్టి పైకి పాకిన అంచును వదిలేసి, చదునుగా ఉన్న మట్టం చూశాడు.

"పదకొండు."

"అంటే అయిపోయిందా?"

"అయినట్టే. కొన్ని రోజులాగి మళ్ళీ చూడాలి. అప్పుడూ ఇదే ఉంటే సీసాల్లో పోయొచ్చు."

గొట్టంలోది ఎప్పుడూ రేణే తాగేది. ఇద్దరూ సగం సగం పోసుకున్నారు.

"యక్! చేదు. అమ్మ దీన్ని ఎలా తాగేది?"

"నీ కాఫీ కంటే నయం అనేది."

అదితి నవ్వి, ముక్కు తుడుచుకుంది. శశికాంత్ తన గ్లాసు ఖాళీ చేశాడు. నురగ లేదు, చల్లగా లేదు. బీరులాగే ఉంది. ఇంకేదో అనిపిస్తుందేమోనని కాసేపు చూశాడు. ఏమీ అనిపించలేదు. హైడ్రోమీటర్ కడిగి గుడ్డ మీద పడుకోబెట్టాడు.

తర్వాతి వారం అదితి లేదు. అతను బకెట్ ముందు కూర్చుని, ఈసారి వెనకాడకుండా కుళాయి తిప్పి గ్లాసు నిండా తీశాడు. పదకొండే. సీసాలు నానబెట్టడానికి లేచాడు.